రెండో సూది

గుర్రం ముందుకాలు పట్టుకోవాలంటే మొదట దాని భుజం మీద అరచెయ్యి ఆనించాలి. ఆనించిన చెయ్యి ఎత్తకుండా మెల్లగా కిందికి జార్చుకుంటూ రావాలి. మధ్యలో చెయ్యి తీసి మళ్లీ పెడితే అది ఉలిక్కిపడుతుంది, ఆ తర్వాత మన పక్కటెముకలకు ఎవరూ పూచీ ఉండరు. ఇది నాకు నేర్పింది కాలేజీ కాదు, ఒక సాయిబు. మా పశుసంవర్ధక డిప్లొమాలో గుర్రం మీద ఒక పాఠం ఉండేది. పరీక్షలో రాదని మేడమ్ వదిలేసింది, మేమూ సంతోషంగా వదిలేశాం.

మాది కమలాపురం పక్క పల్లె. నాన్న ఎర్రగుంట్లలో సిమెంటు లారీ తోలేవాడు. నాకు ఉద్యోగం మాత్రం డోన్ దాటి ఇంకా పడమరగా, కర్నూలు జిల్లా కొసన ఒక ఊళ్లో వచ్చింది. గ్రామ సచివాలయంలో పశువుల అసిస్టెంటు. ఎనుములకు సూదులు వేయడం, గొర్రెలకు మందు పట్టడం, కోళ్లు చచ్చిపోతే ఎందుకు చచ్చాయో తెలిసినట్టు తల ఊపడం నా పని. ఎనుము కొమ్ము విసిరినా నేను బెదరను. గుర్రం దగ్గరికి మాత్రం పోయేదాన్ని కాదు. అంత పెద్ద ప్రాణం అంత సన్నటి కాళ్ల మీద నిలబడటమే నాకు భయంగా ఉండేది.

ఆ ఊళ్లో దసరా నాడు గుర్రాలు పరిగెత్తిస్తారు. ఊరి బయట జమ్మి చెట్టు దగ్గర పూజ అయ్యాక, రెండిళ్ల గుర్రాలు అక్కడి నుంచి ఊరి గవిని దాకా పందెం వేస్తాయి. గవిని అంటే ఒకప్పటి కోట వాకిలి, ఇప్పుడు రెండు రాతి కంబాలు మిగిలాయి. ఆ కంబాలను ముందు దాటిన ఇంటివాళ్లు ఊరందరికీ జమ్మి ఆకు పంచాలి. ఓడిన ఇంటి పెద్ద అందరితోపాటు వరసలో నిలబడి, గెలిచిన వాళ్ల ముందు చెయ్యి చాపి ఆకు తీసుకోవాలి. బహుమానం, కప్పు, ఏమీ లేవు. బయటినుంచి చూసేవాళ్లకు నవ్వులాటగానే ఉంటుంది. నేను అద్దెకుండే ఇంటి పెద్దాయన అప్పటికి మూడేళ్లు వరసగా చెయ్యి చాపాడు.

ఆయన్ని ఊళ్లో అందరూ పెద్దనాయనా అనే పిలుస్తారు, నేనూ అంతే. బండలాగుడు పందేల్లో ఆయన ఎద్దులకు పేరుంది. ఎద్దు నడక చూసి దాని కడుపులో ఏముందో చెబుతాడంటారు. నన్ను ఆయన ఒక్కసారి కూడా గట్టిగా కసరలేదు. ఊరగాయ జాడీ పంపించాడు, గది తలుపుకు కొత్త గడియ పెట్టించాడు. అయినా ఆయన పంచె అంచు వీధి మలుపులో కనిపిస్తే నేను పైట సర్దుకుని పక్కకు తప్పుకునేదాన్ని. జీపులు, కక్షలు, పెద్దిళ్ల కథలు నేను చిన్నప్పటి నుంచి వింటూ పెరిగినదాన్ని. కడప వాళ్లం కర్నూలు వాళ్ల గురించి చెప్పుకుంటాం, వాళ్లు మా గురించి చెప్పుకుంటారు, ఇద్దరం రాత్రిళ్లు తలుపులు బిగించుకుంటాం. అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే పాట పాడేది: "పెద్దోళ్ల యవ్వారాల్లో తల దూర్చగాకు, నీ పని నువ్వు సూసుకో."

ఆ ఏడాది పెద్దాయన ఊరి గుర్రాలను నమ్ముకోలేదు. బెంగళూరు రేసుల్లో పరిగెత్తి, కాలు దెబ్బ తిని, పనికిరాదని అమ్మేసిన గుర్రాన్ని కొనుక్కొచ్చాడు. ఎర్రటి గుర్రం. చర్మం ఎంత పలచగా ఉండేదంటే, ఈగ వాలినా ఒళ్లంతా పులకరించేది. ముందు కుడికాలి మీద పాత గాయం కణుపులా ఉబికి ఉండేది. దాన్ని చూసుకోవడానికి ఒక సాయిబును పెట్టుకున్నాడు. ఆయన ఒకప్పుడు జట్కా తోలిన మనిషి, అరవై దాటినవాడు. స్వారీ చేసేది పెద్దాయన చిన్న కొడుకు. డోన్ దగ్గర నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్ నడుపుతాడు, మనిషి నాపరాయిలాగే బరువుగా ఉంటాడు.

గుర్రం వచ్చిన రోజు పెద్దాయన దాని ముందు గంటసేపు గొంతుక్కూర్చుని చూశాడు. తర్వాత నన్ను పిలిపించాడు.

"ఏమ్మా, ఇది పొద్దున్నించి నెమరేయలేదే. జబ్బుదాన్ని అంటగట్టినారేమో?"

నవ్వు ఆపుకోవడానికి పైట నోటికి అడ్డం పెట్టుకున్నాను. "గుర్రం నెమరేయదు పెద్దనాయనా."

"మరి తిన్నెదంతా ఏమైతాది?"

ఆయన నిజంగానే దిగులుపడి అడిగాడు. నేను గదికొచ్చి పడీ పడీ నవ్వాను. ఆ ప్రశ్నకు నేను భయపడాల్సింది.

ఎందుకంటే ఆయనకు తెలిసినదంతా ఎద్దు. పందెం ఎద్దును ఎలా మేపుతాడో గుర్రాన్నీ అలాగే మేపాడు. దసరాకు ఇరవై రోజుల ముందు నుంచి పూటకు ఒక బకెట్టు ఉడికించిన ఉలవలు, పైన జొన్నలు, పత్తిగింజలు, కోడిగుడ్లు, ఖర్జూరాలు. ఎద్దుకు నాలుగు అరల కడుపు, అన్నీ వేసుకుని నెమరేసుకుంటూ కూర్చుంటుంది. గుర్రానికి ఉన్నది చిన్న కడుపు. గింజ మితిమీరితే ఆ విషం పోయి పోయి గిట్టల్లో దిగుతుంది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. సాయిబుకు ముందే తెలుసు. "గడ్డి సాలప్పా, గింజ తగ్గించండి," అని ఆయన రెండుసార్లు చెప్పి చూశాడట. పెద్దాయన నవ్వి, "నీ జట్కా గుర్రం కాదిది సాయిబూ," అన్నాడట. మూడోసారి ఆయన చెప్పలేదు.

దసరా ఇంకా మూడు రోజులుందనగా సాయిబు సచివాలయానికే వచ్చాడు.

"బేటీ, ఒకసారి రా. అది నడిచేది బాగలేదు."

పోయి చూస్తే గుర్రం ముందుకాళ్లు రెండూ ముందుకు చాపి, బరువంతా వెనక్కి వేసి నిలబడి ఉంది. ఎవరో వెనక నుంచి తోకపట్టి లాగుతున్నట్టు నిలబడింది. పగ్గం పట్టి పక్కకు తిప్పబోతే తిరగలేదు, గుడ్లు తేలేసింది. సాయిబు నా చెయ్యి పట్టుకుని దాని భుజం మీద పెట్టించాడు. అక్కడి నుంచి చెయ్యి జార్చుకుంటూ గిట్ట దాకా వచ్చాను. కాలిన పెనం అంచు తగిలినట్టు గిట్ట వేడిగా ఉంది. గిట్టకు కొంచెం పైన, వెనకవైపు నరం నా వేళ్ల కింద టకటకా కొట్టుకుంటోంది.

మండలం డాక్టరుకు ఫోన్ చేశాను. ఆయనకు రెండు మండలాల బాధ్యత, ఆ వారమంతా టీకాల క్యాంపుల్లో ఉన్నాడు. నేను చెప్పిందంతా విన్నాడు.

"గింజలు ఇప్పుడే ఆపించు. కాళ్లకు చన్నీళ్లు కొట్టమను. నొప్పికి ఒక సూది వెయ్యి, ఒక్కటే. అది కదలకూడదు. ఈ స్థితిలో పరిగెత్తిస్తే గిట్టలోపల ఎముక కిందికి దిగిపోతుంది, ఇక లేవదు, చస్తుంది. పెద్దాయనకు ఈ మాట స్పష్టంగా చెప్పు. చెబుతావా?"

"చెప్తాను సార్," అన్నాను.

సూది వేశాను. సాయిబు నీళ్లు కొట్టాడు. పెద్దాయన పొలం నుంచి వచ్చి, పంచె ఎగగట్టుకుని, గుర్రాన్ని కట్టేసిన గాటిపాట దగ్గర నిలబడి నా మొహంలోకి చూశాడు. నేను సంచీ వైపు కళ్లు దించుకున్నాను. "గింజలు ఆపాలంట పెద్దనాయనా. నీళ్లు కొట్టాలంట. కొంచెం రెస్ట్ ఇస్తే మంచిదంట," అన్నాను. ఆయన సరేనని తల ఊపాడు. చచ్చేంత ధైర్యం చేసి మాట్లాడానని అనుకుంటూ గదికి పోయాను.

సాయంత్రానికి గుర్రం నడిచింది. నడవదా మరి? నొప్పి తెలియకుండా చేశాను కదా. గడ్డి కొరికింది, తోక విసిరింది. ఇంటిల్లిపాదీ వచ్చి చూశారు. ఎద్దు లేచి నడిచి మేత మేసిందంటే దానికి నయమైనట్టే, వాళ్లు తరతరాలుగా అలాగే చూసుకున్నారు. "పాప సూదేసింది, గుర్రం లేసింది," అని వీధంతా చెప్పుకున్నారు. కోళ్లు చావకుండా కూడా నా దగ్గర ఏదో సూది ఉంటుందని ఇద్దరు ముగ్గురు వచ్చి అడిగారు. నాకు లోలోపల గర్వంగా కూడా ఉండింది, దాచడమెందుకు.

మర్నాటికి మందు దిగిపోయింది. అది మళ్లీ కాళ్లు ముందుకు చాపింది. సాయిబు పొద్దుమాపూ నీళ్లు కొడుతూనే ఉన్నాడు. నేను పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి పోయి గిట్ట పట్టుకుని చూసేదాన్ని. వేడి తగ్గినట్టు అనిపించేది, మళ్లీ చూస్తే తగ్గినట్టు అనిపించేది కాదు. నా వేళ్ల మీద నాకే నమ్మకం పోయింది. పెద్దాయన పందెం ఆపుతాడనే నాకు నేను చెప్పుకున్నాను. పోయి అడిగితే తెలిసిపోతుందని అడగలేదు.

దసరా పొద్దున పెద్దాయన మనిషిని పంపలేదు, తానే నా గది గడప దగ్గరికి వచ్చాడు. తలంటి పోసుకుని, తెల్ల చొక్కా వేసుకుని ఉన్నాడు.

"ఏమ్మా, మొన్న ఏసినావే ఆ సూది, ఇంగొకటి ఏయి. పూజకు ముందర అది సులుకుగా నడస్తే సాలు."

డాక్టరు ఒక్కటే అన్నాడు. ఆ మాట నా నాలుక చివరే ఉంది. "డాక్టరును అడగాల పెద్దనాయనా," అన్నాను.

"పండగపూట ఆయప్పనేం ఇబ్బంది పెడతావులే. నీ సెయ్యి మంచిదమ్మా."

ఆయన నవ్వుతూనే అన్నాడు. బెదిరించలేదు. బెదిరించి ఉంటే ఈ రోజు నేను ఎంతో సుఖంగా ఉండేదాన్ని. నేను సంచీ తీసుకుని ఆయన వెనకే నడిచాను. నడుస్తూ నాకు నేను ఒక న్యాయం చెప్పుకున్నాను: ఎలాగూ పరిగెత్తిస్తారు, కనీసం నొప్పి తెలియకుండా పరిగెత్తుతుంది కదా, ఇది పుణ్యమే కదా. భయపడ్డ మనిషికి ఇలాంటి న్యాయాలు శానా తొందరగా దొరుకుతాయి. మెడ మీద చర్మం బిగపట్టి సూది దింపేటప్పుడు సాయిబు పగ్గం పట్టుకుని నా వైపు చూశాడు. నేను ఖాళీ సూదిని సంచీలో పెట్టుకోబోయి రెండుసార్లు కింద పడేశాను.

ఆ మధ్యాహ్నం నేను జమ్మి చెట్టు దగ్గరికి పోలేదు. గవిని దగ్గరే, కుడివైపు కంబం పక్కన సాయిబుతోపాటు నిలబడ్డాను. దారి చివర ఒక ఫర్లాంగు సిమెంటు రోడ్డు వేశారు. గుర్రాలు జారకుండా దాని మీద ట్రాక్టరుతో ఎర్రమట్టి పోశారు, కానీ జనం నడిచి నడిచి మట్టంతా పక్కలకు పోయింది. మధ్యలో బూడిద రంగు సిమెంటు తేలి కనిపిస్తోంది. నేను దాన్నే చూస్తూ ఉన్నాను. ఆ గట్టి నేల మీద పడే ప్రతి అడుగూ ఆ గిట్టల్లో ఏం చేస్తుందో ఆ గుంపులో తెలిసినవాళ్లం ఇద్దరమే. డప్పులు మోగుతున్నాయి.

"సాయిబు మామా, దారిలోనే పడిపోతాదా?" అని అడిగాను.

"పడదు," అన్నాడాయన. "అది రేసు గుర్రం. పక్కన ఇంగోటి పరిగెత్తుతాంటే గుండె ఆగేదాకా పరిగెత్తుతాది. అదే దాని ఖర్మ."

దూరంగా దుమ్ము లేచింది. జనం అరుపులు మావైపు దొర్లుకుంటూ వచ్చాయి. అవతలి ఇంటి గుర్రం నల్లది, పొట్టిది, ముందుంది. మాది దాని వెనక ఉంది, మెడ చాపి, నోటి నుంచి నురగ ఎగురుతూ, వీపు మీద ఆ బరువైన మనిషి బెత్తంతో కొడుతూ. ఆ బెత్తం అవసరం కూడా లేదు. సిమెంటు మొదలవగానే గిట్టల చప్పుడు మారిపోయింది. సమ్మెటతో కొట్టినట్టు టంగు టంగుమని ఆ చప్పుడు నా పళ్లలోకి దిగింది. నేను కళ్లు మూసుకున్నాను. కళ్లు మూసుకుంటే చప్పుడు ఇంకా పెద్దదయింది. పడిపో, ఇప్పుడే పడిపో, కంబం దాటకముందే పడిపో అనీ, వద్దు పడొద్దు, పైనున్నవాడు చస్తాడు అనీ రెండూ ఒకేసారి మొక్కుకున్నాను.

కళ్లు తెరిచేసరికి మా గుర్రం ఒక మెడ నిడివి ముందుగా దాటిపోయింది.

ఊరు ఊరంతా మీద పడింది. చిన్న కొడుకును భుజాల మీదికి ఎత్తుకున్నారు. పెద్దాయన జమ్మి ఆకు బుట్ట పట్టుకుని, వరస మొదలవకముందే నన్ను వెతుక్కుంటూ వచ్చి, "ముందర ఈ పాపకు," అని నా చేతిలో ఆకు పెట్టాడు. ఆడవాళ్లు నా నుదుట కుంకుమ పెట్టారు. నేను తలొంచి పెట్టించుకున్నాను. ఆ గోలలో గుర్రాన్ని చూస్తున్నది సాయిబు ఒక్కడే. దాన్ని నడిపించుకుంటూ పోతున్నాడు, అది ఒక్కో కాలూ గాజు పెంకుల మీద వేస్తున్నట్టు వేస్తోంది.

మర్నాడు పొద్దున అది లేవలేదు. పక్కకు పడి ఉంది, చెమటకు ఒళ్లంతా తడిసి ఉంది, పై పెదవి ముడుచుకుని పళ్లు కనిపిస్తున్నాయి. గిట్ట పైఅంచున చర్మం లోపలికి కుంగి, వేలు దూరేంత గుంట పడింది. ఎముక దిగిపోయింది. నేను డాక్టరుకు ఫోన్ చేశాను. ఆయన మధ్యాహ్నానికి వచ్చాడు.

గిట్టలు చూసి లేచి నిలబడ్డాడు. ఆయనకు కోపం వస్తే గొంతు చిన్నదవుతుంది. "పరిగెత్తిస్తే చస్తుందని ఈ అమ్మాయితో ఫోన్లోనే చెప్పించాను కదయ్యా."

పెద్దాయన నా వైపు చూడను కూడా చూడలేదు. "సెప్పింది సార్. నాదే తప్పు."

"ఈ కాళ్లతో ఇది నాలుగడుగులు వేయలేదు. ఎలా పరిగెత్తింది? నేను ఒక సూదే వేయమన్నాను. మళ్లీ ఎవరైనా వేశారా?"

సాయిబు నేల చూస్తున్నాడు. పెద్దాయన రెప్ప వేయకుండా డాక్టరు మొహంలోకి చూస్తూ అన్నాడు: "లేదు సార్. ఆ పాప ఒక్కటే ఏసింది, అదీ మీరు సెప్పినాకనే. పండగ ఉషారుకు పరిగెత్తింది."

నాకు ఊపిరి వచ్చింది. ఆ గుర్రం నా కాళ్ల దగ్గర మూలుగుతుంటే, నాకు ఊపిరి వచ్చింది. నేను రాయడానికి సిగ్గుపడుతున్న మాట ఇదే, కానీ ఇది రాయకపోతే మిగతాదంతా ఎందుకు?

ఇక చేయగలిగిందేమీ లేదన్నాడు డాక్టరు. నిద్రపుచ్చడం ఒక్కటే దారి. నన్ను తల దగ్గర కూర్చోమన్నాడు, మెడ నరం నొక్కి పట్టుకోమన్నాడు. పట్టుకున్నాను. సాయిబు దాని చెవిలో ఉర్దూలో ఏదో చెబుతూ ఉన్నాడు. అది కన్ను తిప్పి ఆయన గొంతు వైపు చూసింది. నా వేళ్ల కింద కొట్టుకుంటున్న నరం ఆగిపోయినా నేను చెయ్యి తీయలేదు. డాక్టరే తీయించాడు.

డాక్టరు వెళ్లిపోయాక సాయిబు గుంత తవ్వించడానికి పోయాడు. పెద్దాయన నీళ్ల తొట్టి గట్టు మీద కూర్చున్నాడు. నేను సంచీ సర్దుకుంటున్నాను.

"పాపా," అన్నాడు. "సస్తాదని ఆ డాక్టరు నీకు నిజంగానే సెప్పినాడా?"

"సెప్పినాడు పెద్దనాయనా."

"మరి నాకు సెప్పకపోతివే?"

"రెస్ట్ ఇయ్యాలని సెప్పినాను కదా..."

"రెస్టంటే నాకేం తెలుస్తాదమ్మా? మూన్నాళ్లు నిలబెట్టినా, అదే రెస్టనుకుంటి." ఆయన కండువాతో మొహం తుడుచుకున్నాడు. "ముప్పై ఏండ్లు పందేలకు ఎద్దులు కట్టినా. కుంటే ఎద్దును ఒక్కనాడూ బండకు కట్టలే. సస్తాదని ఒక్క మాట సెప్పుంటే నిలిపేసుందును. ఇంగోసారి సెయ్యి సాపుతుంటి. అంతే కదా పోయేది?"

నేను ఆయన మొహంలోకి చూశాను. ఊరికొచ్చినప్పటి నుంచి అంత సూటిగా చూడటం అదే మొదలు. ఇందాక డాక్టరుతో అబద్ధం చెప్పినప్పుడు ఆ కళ్లు రెప్ప వేయలేదు. ఇప్పుడు ఆపకుండా కొట్టుకుంటున్నాయి, వాటి నుంచి నీళ్లు కారుతున్నాయి. ఆయన ఇప్పుడూ అబద్ధమే చెబుతున్నాడని నమ్మడానికి ఆ మొహమంతా వెతికాను. నాకు ఏమీ దొరకలేదు.